ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్య: మీ ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో సముద్రం ఒడ్డున ఏరుకునే వాటి గురించి రాస్తూ డ్రిఫ్ట్‌వుడ్ మీద నాలుగు మాటలు చెప్పి వదిలేశాం. గవ్వల గురించి ఒక్కరూ అడగలేదు, వచ్చిన ఉత్తరాలన్నీ ఈ కొయ్యముక్కల మీదే! అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాం, మరీ పొడుగు ఉత్తరాలు కుదించాం, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, మా ఆవిడకి ఒడ్డున దొరికే కొయ్యముక్కలంటే పిచ్చి. ఇంట్లో ఓ మూల మొత్తం నిండిపోయింది. నా కంటికి అవి పొయ్యిలో పెట్టే కట్టెల్లాగే ఉన్నాయి. నిజం చెప్పండి, వాటిలో చూడటానికి ఏముంది?

జవాబు: పొయ్యిలోకి అసలే వద్దు, ఎందుకో కింద ఇంకో ఉత్తరానికి చెప్తాను. ముందు మీరో పని చెయ్యండి. ఆవిడ తెచ్చినవాటిలో కొమ్మ రెండుగా చీలే పంగ ఉన్న ముక్క ఒకటైనా ఉంటుంది, దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లండి. వెలుతురు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడాలి. ఇప్పుడు బొటనవేలితో అడ్డంగా తడిమి చూడండి, సన్నసన్నగా గట్లు, వాటి మధ్య చాళ్లు తగులుతాయి. పైన్ లాంటి చెట్లు ఏటా పెరిగేటప్పుడు మొదట్లో మెత్తటి చెక్క, ఆ కాలం చివర్లో గట్టి చెక్క వేసుకుంటూ పోతాయి. ఇసుకా నీళ్లూ కలిసి మెత్తటిదాన్ని ముందు అరగదీసేస్తాయి, గట్టిది గట్టులా మిగులుతుంది. కాబట్టి మీ వేలికి తగులుతున్నవి ఆ చెట్టు బతికిన సంవత్సరాలే.

అలాగే ముడి దగ్గరకు రండి. ఒకప్పుడు అక్కడ చిన్న కొమ్మ ఉండేది. ఆ గట్లన్నీ ముడి దాకా తిన్నగా వచ్చి, ఏట్లో నీళ్లు బండరాయి దగ్గర చీలినట్టు అటూ ఇటూ తప్పుకుని అవతల మళ్లీ కలుస్తాయి. ముడి చుట్టుపక్కల చెక్క కంటే గట్టిది, అందుకే తొందరగా అరక్క బుడిపెలా పైకి లేచి ఉంటుంది. ఇక పంగలో అయితే పొరలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని మెలితిరిగి ఉంటాయి, గాలికి కొమ్మ చీలిపోకుండా చెట్టు బలమంతా అక్కడే పెట్టుకుంటుంది మరి. చెట్టు నిలబడి ఉన్నంతకాలం ఇదంతా బెరడు కింద ఉంటుంది, మనకి కనపడదు. వడ్రంగి కోసినా ఒక కోత మటుకే కనిపిస్తుంది. చెక్క లోపలి నిర్మాణం నలువైపులా ఇలా పైకి తేలి కనపడేది నీళ్లూ ఇసుకా అరగదీసిన చెక్కలోనే.

ఆ వెండి లాంటి బూడిదరంగు సంగతి కూడా చెప్పాలి. చెక్కలో సెల్యులోజ్ అనే పీచు ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్‌ని విరగ్గొడతాయి, వానా అలలూ దాన్ని కడిగేస్తాయి, పైన తెల్లటి పీచు మిగులుతుంది. తేమ ఉన్నచోట సన్నటి బూజు కూడా చేరి ఆ తెలుపుని బూడిదరంగులోకి తిప్పుతుంది. ఇదంతా పైపైన సన్నటి పొరలోనే జరుగుతుంది. కావాలంటే కనపడని మూల బ్లేడుతో కాస్త గీకి చూడండి, కింద అసలు గోధుమరంగు బయటపడుతుంది. ఒక్కచోటే గీకండి, ఆవిడ చూస్తే నా పేరు చెప్పొద్దు.

చాలామంది ఇందులో నెమలి కనపడుతోంది, అందులో ఏనుగు తొండం కనపడుతోంది అని మురిసిపోతారు. సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ ఏనుగుని కనిపెట్టేశాక ఇక ఆ ముక్కలో చూడటానికేమీ లేదన్నట్టు పక్కన పెట్టేస్తారు, ఆ ముక్కకి జరిగే అన్యాయం అదే. నన్నడిగితే దేనిలాగానూ లేని ముక్కే ఎక్కువకాలం చూడబుద్ధవుతుంది.

ప్రశ్న: ఇది ఏ చెట్టుదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టొచ్చా? పిల్లలు అడుగుతుంటే 'సముద్రంలోంచి' అని చెప్పి తప్పించుకుంటున్నాను.

జవాబు: సముద్రంలో చెట్లు మొలవవని పిల్లలకి తెలియదనుకున్నారా! ఎక్కువ భాగం నదులు తెచ్చినవే. వరదకి గట్టు కోసుకుపోతే చెట్టు వేళ్లతో సహా నదిలో పడుతుంది, నది దాన్ని సముద్రానికి అప్పగిస్తుంది. కొన్ని తుఫానుకి తీరంలోనే కూలినవి. మిగతావి మనుషుల చేతుల మీదుగా వచ్చినవి: పడవ పలకలు, రేవు స్తంభాలు, ఓడలో సరుకు కదలకుండా అడ్డం పెట్టే దిమ్మలు, నీళ్లమీద తేలుస్తూ తీసుకెళ్తుంటే జారిపోయిన దుంగలు. ముందు రెండు చివర్లూ చూడండి. ఎంత అరిగినా రంపం కోత కాస్త సమంగానే ఉంటుంది. మేకు దిగినచోట కన్నం చుట్టూ నల్లటి మరక ఉంటుంది, ఇనుమూ చెక్కలోని టానిన్లనే వగరు పదార్థాలూ కలిస్తే వచ్చే నలుపు అది.

చెట్టు పేరు చెప్పడం కష్టం కానీ కులగోత్రాలు కొంతవరకు చెప్పొచ్చు. ఒక చివర పదునైన బ్లేడుతో శుభ్రంగా కోసి, పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దంతో చూడండి. సూది గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తే వెడల్పాటి ఆకుల చెట్టు, ఆ రంధ్రాలు నీళ్లు పైకెక్కే గొట్టాలు. పైన్, దేవదారు లాంటివాటికి అలాంటి గొట్టాలు ఉండవు, కోత నున్నగా ఉంటుంది. తాటి, కొబ్బరి జాతి అయితే వలయాలే ఉండవు, చుక్కలు చుక్కలుగా పీచు కట్టలు కనిపిస్తాయి. పిల్లల చేత ఈ పని చేయించండి, బ్లేడు మటుకు మీరు పట్టుకోండి.

ఎంత దూరం నుంచి వచ్చిందన్నదే అసలైన కథ. నిజానికి చెక్క పదార్థం నీటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. కణాల్లో గాలి ఉంది కాబట్టి తేలుతుంది, ఆ గాలి స్థానంలోకి నీళ్లు చేరేకొద్దీ మెల్లగా దిగిపోతుంది, చివరికి అడుక్కి వెళ్లిపోతుంది. మరి ఆర్కిటిక్ సముద్రం అవతల, చెట్లే సరిగా పెరగని గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్, ఐస్‌లాండ్ తీరాల్లో సైబీరియా చెట్ల దుంగలు ఎలా దొరుకుతున్నాయి? మంచు మోసుకొచ్చింది. సైబీరియా నదుల్లోంచి వచ్చిన దుంగలు సముద్రపు మంచులో ఇరుక్కుపోతాయి, ఆ మంచు ఏళ్ల తరబడి కదులుతూ వాటిని అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. మంచు తోడు లేకపోతే దారిలోనే నానిపోయి మునిగిపోయేవి.

దీన్ని పట్టుకునే ఒకాయన ఏకంగా ఓడ కట్టించాడు. 1881లో జీనెట్ అనే ఓడ సైబీరియాకి ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్లకి, 1884లో, దాని సామాన్లు కొన్ని గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో తేలాయి. నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ఆ సంగతీ, అక్కడికి కొట్టుకొచ్చే సైబీరియా కొయ్య సంగతీ కలిపి ఆలోచించి, మంచు ఆ చివర నుంచి ఈ చివరకి ప్రయాణం చేస్తోందని తేల్చుకున్నాడు. మంచు నొక్కితే నలక్కుండా పైకి లేచేలా ఫ్రామ్ అనే ఓడ కట్టించి, 1893లో కావాలనే మంచులో ఇరికించాడు. 1896లో ఆ ఓడ అవతలివైపు క్షేమంగా బయటపడింది. ఇంత కథకి మూలం ఒడ్డున పడున్న కొయ్యా, నాలుగు పాత సామాన్లూ.

మీ ముక్క నడిసముద్రంలో తిరిగిందో లేదో తెలియాలంటే ఇంకో గుర్తు ఉంది. మెత్తటి కాడ చివర తెల్లటి చిప్పలున్న జీవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే అవి గూస్ బార్నకిల్స్, తేలే వస్తువులకి పట్టుకుని బతికేవి. అవి పెద్దవిగా ఉన్నాయంటే ఆ కొయ్య చాలాకాలం నీళ్లమీదే ఉందన్నమాట. 12వ శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి, కొన్ని బాతులు గుడ్లలోంచి కాకుండా సముద్రంలో కొట్టుకొచ్చే కొయ్యకి ఇలా కాసి పుడతాయని రాసిపెట్టాడు, జనం కొన్ని వందల ఏళ్లు నమ్మారు కూడా! ఆ జీవులు ఇంకా బతికి ఉంటే కొయ్యని అక్కడే వదిలెయ్యండి. ఇంటికి తెచ్చాక చచ్చిపోతే వచ్చే కంపు మాటల్లో చెప్పలేం.

ప్రశ్న: అంకుల్, నేను ఏడో తరగతి చదువుతున్నాను. నాకు దొరికిన చెక్క నిండా బొక్కలే. లోపల పురుగులున్నాయా? అమ్మ ఇంట్లోకి తేవద్దంటోంది.

జవాబు: అమ్మ భయంలో తప్పులేదు, అయినా నువ్వు ముందు బొక్క ఎలా ఉందో చూసి రా. వేలు పట్టేంత లావు సొరంగాలుండి, లోపల గోడలకి తెల్లగా సున్నం పూసినట్టు ఉంటే అది షిప్‌వర్మ్ పని. పేరు పురుగేగానీ అది నిజానికి ఆల్చిప్పల చుట్టం. ఒంటికి సరిపడా చిప్ప ఉండదు, తల దగ్గర రెండు చిన్న చిప్పలుంటాయి, వాటితో చెక్కని తురుముకుంటూ లోపలికి పోతుంది. సూదిమొనంత పిల్లగా ఉన్నప్పుడే లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది, అందుకని బయట కన్నం చాలా చిన్నది, లోపల సొరంగం పెద్దది. పైపొర అరిగిపోయాకే ఆ సొరంగాలు బయటపడతాయి. చెక్కని అరిగించుకోవడానికి దాని మొప్పల్లో ఉండే బాక్టీరియా సాయం చేస్తుంది. ఇంకో విచిత్రం చూడు. ఒకే చెక్కలో డజన్లకొద్దీ సొరంగాలున్నా ఒకటి ఇంకోదాన్లోకి చొరబడదు, దగ్గరిదాకా వచ్చి పక్కకి తిరిగిపోతుంది. నీ ముక్కలో అలాంటి మలుపు ఒకటి కచ్చితంగా ఉంటుంది, వెతుకు.

పైపైన స్పాంజిలా సన్నటి చిల్లులుంటే మటుకు అది గ్రిబుల్ పని, రొయ్యలకి దూరపు చుట్టం, బియ్యపుగింజలో సగం కూడా ఉండదు. వీటిని తేలిగ్గా తీసుకోకు. కొలంబస్ నాలుగో యాత్రలో షిప్‌వర్మ్‌లు ఓడల్ని జల్లెడ చేసేస్తే, 1503లో జమైకా ఒడ్డుకి చేర్చుకుని ఏడాది పాటు అక్కడే పడి ఉండాల్సొచ్చింది.

ఇప్పుడు అమ్మకి చెప్పాల్సిన మాట. ఇవి సముద్రపు జీవులు, ఉప్పునీళ్లు లేకపోతే బతకవు, ఎండిపోయిన చెక్కలో ఉండవు, ఇంట్లో తలుపులూ బల్లలూ తినవు. అయితే ఒడ్డున చాలాకాలం పడి ఉన్న కొయ్యలోకి నేల మీది పురుగులూ చెదలూ చేరి ఉండొచ్చు. అందుకని బాగా ఎండాక తెల్లకాగితం మీద పెట్టి, పాలిథిన్ కవర్ తొడిగి రెండు మూడు వారాలు బయటే ఉంచు. కాగితం మీద కొత్తగా సన్నటి పొడి రాలితే లోపల ఎవరో ఉన్నట్టే. అప్పుడు చిన్నముక్కైతే రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, అమ్మ ఒప్పుకుంటే. చెదలు కనిపిస్తే మారుమాట్లాడకుండా వదిలెయ్.

ప్రశ్న: అన్నయ్యగారూ, తెచ్చిన ముక్కని ఎలా శుభ్రం చెయ్యాలి? ఒకరు ఉడకబెట్టమంటారు, ఒకరు బ్లీచింగ్‌లో వెయ్యమంటారు, ఇంకొకరు ఓవెన్‌లో పెట్టమంటారు. ఏది వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎవరి మాటా వినకండమ్మా, ఒక బకెట్ మంచినీళ్లు చాలు. ముందు ఎండిన ఇసుకని దులపండి. పుచ్చిపోయి మెత్తబడిన భాగం ఉంటే గోరుతోనో వెదురుపుల్లతోనో వచ్చినంత వరకు తీసెయ్యండి. ఇనుప చువ్వలూ ఇనుప బ్రష్షులూ వద్దు, అవి గీతలు పెట్టడమే కాకుండా చిన్న తునకలు చెక్కలో వదిలేస్తాయి, తర్వాత తుప్పు మరకలొస్తాయి. తర్వాత మంచినీళ్లలో ముంచి, పైన బరువు పెట్టి నానబెట్టండి. నీళ్లు రోజూనో రోజు విడిచి రోజో మార్చండి. ఎన్నాళ్లు అంటే, ముక్క మందాన్ని బట్టి. వేలంత పుల్లకి కొద్దిరోజులు చాలు, తొడంత దుంగకి వారాలు పట్టొచ్చు. నీళ్లు రంగు మారితే భయపడొద్దు, అది చెక్కలోని టానిన్. ఉప్పు పోయిందో లేదో చూడాలంటే నానిన నీళ్లు కాసిని నల్లటి ప్లేటులో ఆరనివ్వండి, తెల్లటి మరక మిగిలితే ఇంకా ఉన్నట్టే.

తొందరపడకూడనిది ఆరబెట్టేటప్పుడు. ఎండలో పెడితే బయట తొందరగా ఎండి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, దాంతో టప్పుమని పగులుతుంది. నీడలో, గాలి తగిలేచోట, కింద పుల్లలు పెట్టి నేలకి ఆనకుండా ఉంచండి. రెండు చివర్ల నుంచీ నీళ్లు ఎక్కువ వేగంగా పోతాయి, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే, కాబట్టి మంచి ముక్కైతే చివర్లకి పల్చగా మైనం రాసి ఉంచొచ్చు. ఆరిందని ఎలా తెలుస్తుంది? వారానికోసారి తూకం వెయ్యండి. బరువు తగ్గడం ఆగిపోయిన రోజున ఆరినట్టు.

ఉడకబెట్టడం చిన్నముక్కలకి పర్వాలేదు, ఉప్పు తొందరగా దిగుతుంది, పురుగూ చస్తుంది, కానీ మెత్తబడిన పాత చెక్కని ఉడికిస్తే విడిపోతుంది. బ్లీచింగ్ అయితే నేను ససేమిరా అంటాను. అది నాచునీ వాసననీ చంపుతుంది నిజమే, కానీ పైపొర పీచుని బలహీనం చేస్తుంది, ఎన్నో ఏళ్ల ఎండా వానా కలిసి తెచ్చిన బూడిదరంగుని పాలిపోయిన తెలుపు చేసేస్తుంది. ఓవెన్ మాట ఎత్తకండి, చెక్క మంట అంటుకునే వస్తువు అని చెప్పాల్సిన పనిలేదు కదా.

ప్రశ్న: వార్నిష్ కొట్టొచ్చా?

జవాబు: కొట్టొచ్చు, కొట్టాక అది కొట్లో అమ్మే బొమ్మలా ఉంటుంది. బూడిదరంగు పోయి పసుపుపచ్చగా తడితడిగా మెరుస్తుంది, వేలికి తగిలే గట్లన్నీ ఆ పొర కింద కప్పబడిపోతాయి. తప్పదు, చేతులు పడే బల్లకో దీపపు స్టాండుకో వాడుతున్నాం అంటే తేనెమైనం పల్చగా రుద్దండి. అవిసెనూనె కూడా వాడతారు, కానీ రంగు ముదురుతుంది. ఒక్క జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడెయ్యొద్దు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది, విడిగా పరిచి ఆరెయ్యాలి లేదా నీళ్లలో ముంచి పారెయ్యాలి.

ప్రశ్న: చేపల తొట్టిలో పెట్టాలనుకుంటున్నాను. దుకాణాల్లో డ్రిఫ్ట్‌వుడ్ అని అమ్ముతున్నారు కదా, సముద్రం ఒడ్డుది ఉచితంగా దొరుకుతుంటే అది పెడితే ఏమవుతుంది?

జవాబు: దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు సముద్రం మొహం చూడనిదే, చెట్ల వేళ్లో మొద్దులో. సముద్రపు కొయ్యలో ఉప్పు లోతుగా ఇంకి ఉంటుంది, మంచినీటి తొట్టిలో పెడితే వారాల తరబడి మెల్లగా దిగుతూనే ఉంటుంది, చేపలకి అదే చిక్కు. చిన్నముక్కని బాగా నానబెట్టి, ఉడికించి, నీటి పరీక్షలు చేసుకుంటూ పెట్టేవాళ్లున్నారు. పెద్దముక్క జోలికి వెళ్లొద్దు. టానిన్ దిగి నీళ్లు డికాషన్ రంగులోకి మారడం, పీహెచ్ కాస్త తగ్గడం, అంటే నీళ్లలో ఆమ్లగుణం పెరగడం, ఏ కొయ్యతోనైనా జరిగేదే, కొన్ని చేపలకి అదే ఇష్టం కూడా. అన్నిటికంటే ముఖ్యం, అది ఏ రేవు స్తంభమో కంచె గుంజో అయితే తొట్టి దరిదాపుల్లోకి తేవద్దు. పురుగు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఎక్కించిన కలప ఉంటుంది, లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, అరిగిపోయాక ఆ ఛాయ కూడా తెలియదు. తారు వాసన వచ్చే రైలు స్లీపర్ల లాంటి దిమ్మలూ అంతే. రంపం కోత కనపడితే చేపల దగ్గరకి వద్దు అని ఒక నియమం పెట్టేసుకోండి.

ప్రశ్న: దీన్ని కాలిస్తే నీలం మంట వస్తుందట, నిజమేనా?

జవాబు: నిజమే, లోపల ఇంకిన లవణాల వల్ల మంటకి రంగులొస్తాయి. కానీ ఉప్పులోని క్లోరిన్ వల్ల పొగలో డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. కెనడా పశ్చిమతీరంలో సముద్రంలో తేలుస్తూ తెచ్చిన దుంగల వ్యర్థాలని కాగితపు మిల్లుల బాయిలర్లలో కాలిస్తే ఇదే సమస్య వచ్చింది. ఇంట్లో పొయ్యి, చలిమంట, దేనికీ వద్దు. ఇనుప పొయ్యిని ఆ ఉప్పు తినేస్తుంది కూడా.

ప్రశ్న: ఒడ్డున పడున్నది ఎవరి సొత్తూ కాదు కదా, ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చా?

జవాబు: ఎవరి సొత్తూ కాదని మీరెలా తేల్చారు? ఐస్‌లాండ్‌లో 1281 నాటి యోన్స్‌బోక్ అనే చట్టంలో కొట్టుకొచ్చిన కొయ్య మీద హక్కులకి ఏకంగా ఒక అధ్యాయం ఉంది. పెద్ద చెట్లు పెరగని దేశంలో ఇల్లు కట్టాలన్నా పడవ కట్టాలన్నా అదే దిక్కు మరి. గ్రీన్‌లాండ్ ఇన్యూట్ ప్రజలు తమ కయాక్ పడవల చట్రాలు ఈ కొయ్యతోనే చేసుకునేవారు. ఇప్పటికీ రూల్సు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి: కొన్నిచోట్ల చేతిలో పట్టినంత తీసుకోవచ్చు, కొన్నిచోట్ల అనుమతి కావాలి, రక్షిత ప్రాంతాల్లో పుల్ల కూడా ముట్టకూడదు. వెళ్లేముందు అక్కడి బోర్డు చదవండి, లేకపోతే అడగండి.

చట్టం సంగతి పక్కన పెట్టినా ఒడ్డుకి ఆ కొయ్యతో పని ఉంది. గాలికి ఎగిరొచ్చే ఇసుక దుంగకి అడ్డం పడి దాని వెనక పోగవుతుంది, ఆ పోగులో గడ్డి మొలుస్తుంది, అలా ఇసుకదిబ్బ మొదలవుతుంది. దుంగ కింద తేమలో చిన్న జీవులు బతుకుతాయి, వాటిని తినే పక్షులొస్తాయి, కొన్ని పక్షులు దాని నీడలోనే గుడ్లు పెడతాయి. అందుకని సగం ఇసుకలో పూడిపోయిన దాన్ని తవ్వొద్దు. వదులుగా, ఎండిపోయి, ఒక చేత్తో లేపగలిగినదే తీసుకోండి. ఇంకో మాట, ఇది కాస్త కటువుగా ఉంటుందేమో: బండి వేసుకుని వెళ్లి డిక్కీ నింపుకొచ్చేవాళ్లకి ఆ కొయ్య మీద ప్రేమ ఉందని నేను ఒప్పుకోను. అన్నీ తెచ్చేవాడు ఏదీ సరిగా చూడడు. పదింటిని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, తొమ్మిదింటిని తిరిగి అక్కడే పెట్టొచ్చేవాళ్ల ఇంట్లో మంచి ముక్కలుంటాయి.

ప్రశ్న: ఎప్పుడు వెళ్తే మంచివి దొరుకుతాయి?

జవాబు: తుఫానో పెద్ద గాలో వెలిశాక, నదికి వరదొచ్చి తగ్గాక. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువగా ఉంటుంది, ఆ రోజుల తర్వాత కెరటాలు ఒడ్డుమీద బాగా పైకి చెత్తగీత ఒకటి వదిలిపోతాయి, దాని వెంబడి నడవండి. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోతున్న వేళ బయల్దేరాలి, పోటు ఎక్కుతున్నప్పుడు కాదు. నదీముఖం పక్కన గట్లున్న ముక్కలూ వేరుముక్కలూ ఎక్కువ, రాళ్ల ఒడ్డున నున్నగా గుండ్రంగా అరిగినవి ఎక్కువ.

నీళ్లలో సగం తేలుతున్న దుంగ ఎంత అందంగా ఉన్నా దగ్గరకి వెళ్లొద్దు, పిల్లల్ని దాని మీద ఎక్కనివ్వొద్దు. చీలమండ లోతు నీళ్లు చాలు దాన్ని దొర్లించడానికి. మనుషులు లేపలేని బరువుని ఒక్క కెరటం అవలీలగా తిప్పేస్తుంది, దాని కింద పడితే ఇక అంతే. అమెరికా, కెనడాల పసిఫిక్ తీరంలో ఇలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

ప్రశ్న: ముక్కలు కలిపి గుర్రం బొమ్మ చెయ్యాలని ఉంది. మేకులు కొట్టాలా, జిగురు పెట్టాలా?

జవాబు: గుర్రంతోనే మొదలుపెడతారా! సరే. ఇంగ్లండ్ శిల్పి హెదర్ జాన్ష్ నిలువెత్తు గుర్రాలు డ్రిఫ్ట్‌వుడ్‌తో చేసింది, వాటి ఫోటోలు చూడండి: కండ తిరిగినచోట కండ వంపున్న కొమ్మే పెట్టింది, ముక్కని కోసి వంపు తెప్పించలేదు. అమెరికన్ శిల్పి డెబొరా బటర్‌ఫీల్డ్ దారి వేరు, కొయ్యతో గుర్రాన్ని పేర్చి, ముక్కముక్కనీ కంచులో పోతపోయిస్తుంది, చూస్తే కొయ్యే అనిపిస్తుంది. మీ స్థాయికి స్టెయిన్‌లెస్ స్టీల్ మరలు వాడండి, మామూలు ఇనుప మేకులు మిగిలిన ఉప్పుకి తుప్పుపట్టి నల్లటి మరకలు పెడతాయి. ముందు సన్నటి బరమాతో కన్నం వేసి మర బిగిస్తే పాత చెక్క చీలదు. జిగురు ఒక్కదాన్నే నమ్మొద్దు, పైపొర పీచు వదులుగా ఉంటుంది, జిగురు గట్టిగానే పట్టుకుంటుంది కానీ ఆ పొరే ఊడి చేతికొస్తుంది.

ప్రశ్న: ఎప్పుడో కడిగి ఆరబెట్టి గూట్లో పెట్టుకున్న ముక్కకి ఇప్పుడు తెల్లగా పొడి పడుతోంది, ముసురు పట్టిన రోజుల్లో ముట్టుకుంటే చెమ్మగా ఉంటోంది. పాడైపోయినట్టేనా?

జవాబు: ఆ తెల్లటి పొడి మీద ఒక చుక్క నీళ్లు వెయ్యండి. కరిగి మాయమైతే ఉప్పు, కరక్కుండా తడిసి అక్కడే ఉంటే బూజు. ఉప్పే అయ్యుంటుంది, సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం లవణాలు గాల్లో తేమని పీల్చుకుంటాయి, చెమ్మ అందుకే. మళ్లీ నానబెట్టడమే మందు, ఈసారి ఇంకొన్నాళ్లు ఎక్కువ ఉంచండి. బూజైతే పొడి బ్రష్‌తో దులిపి, గాలాడేచోటికి మార్చండి, గోడకి ఆనించకుండా రెండు వేళ్ల సందు వదలండి.